మడమ తిప్పని ఆదివారం

ఇది ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు. ఆ ఆదివారం పేజీ తీస్తే నా చేతిరాతలోనే ఉంటుంది: "గట్టు మీద పడ్డాను. పెడల్ కాలు వదల్లేదు." రెండో వాక్యం అబద్ధం. పెడల్ బాగానే ఉంది. మడమ కాస్త బయటికి తిప్పితే చాలు, వదిలేది. నేనే తిప్పలేదు.

మా ఇల్లు ఏలూరు పక్కన వట్లూరులో. ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడక్కర్లేని ఉద్యోగం అది. పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం, "తేదీ దాటిందండీ" అనడం, అంతే. కాలేజీకి వెళ్ళడానికి సైకిల్ కొనుక్కుంటానంటే అమ్మ ముందు బుట్ట ఉన్నది తీసుకోమంది. నేను లావు టైర్లు, గేర్లు ఉన్న మౌంటెన్ బైక్ తీసుకున్నాను.

"కొండలెక్కడున్నాయే ఏలూర్లో? ఫ్లైఓవరెక్కుతావా?" అంది అమ్మ.

కొండల కోసం కొనలేదు. ఆ టైర్లయితే కొల్లేటి గట్ల మీద కూరుకుపోవని ఎక్కడో చదివాను. పుట్టినప్పట్నుంచీ కొల్లేరు పక్కనే ఉండి, బస్సు కిటికీలోంచి తప్ప దాన్ని చూడలేదు. చదివి ఆశపడటం నాకు అలవాటే. బయల్దేరడమే చేతకాదు.

బయల్దేరదీసింది అక్క. సొంతక్క కాదు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఊరు పెంటపాడు. ఏలూర్లో గది తీసుకుని ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ టీచరుగా చేసేది. సైకిల్ షాపులో పరిచయం. నేను బ్రేకు బిగించుకోవడానికి వెళ్ళి, మేస్త్రీ గారు తలెత్తి చూసేదాకా మాట్లాడకుండా నిలబడ్డాను. పక్కనే ఆవిడ తన సైకిల్ చైను తనే తుడుచుకుంటోంది. చేతుల నిండా నల్ల గ్రీజు, నుదుటి మీద ఒక నల్ల గీత.

"మేస్త్రీ గారూ, ఈ అమ్మాయి పావుగంట నుంచి ఉందండీ. ఈ అమ్మాయి పిలవదు, మీరు చూడరు. ఇలాగైతే సాయంత్రమైపోద్ది," అంది.

మేస్త్రీ గారు నవ్వారు. ఆయన తాతగారి కాలం నుంచీ ఆ వీధిలో ఆ షాపే. "పిలవాలి కదండీ పాపగారూ. సైకిలైతే కిర్రుమంటది, తెలిసిపోద్ది. మనుషులు కిర్రుమనరు కదండీ," అన్నారు.

ఆ పై ఆదివారం నుంచి నేనూ అక్కా కొల్లేరు వైపు వెళ్ళడం మొదలైంది. తెల్లవారుతూనే బయల్దేరి తొమ్మిదింటికల్లా వెనక్కి వచ్చేసేవాళ్ళం, తొమ్మిదిన్నరకి ఆవిడకి చర్చిలో ఆరాధన. ఒకసారి పుస్తకాల షాపుకి వెళ్తూ చర్చి గేటు దగ్గర ఆవిడని చూశాను. తెల్లచీర, చేతిలో బైబిలు, కాలి గోళ్ళలో ఇంకా కొల్లేటి నల్లమట్టి. నన్ను చూసి ఆ కాలు చీర కుచ్చెళ్ళ కిందికి లాక్కుని కన్నుగీటింది. ఆ రోజంతా నేను ఊరికే నవ్వుకుంటూ ఉన్నాను.

మొదటి రోజే ఒకటి నేర్పింది. ప్యాంటు కుడికాలు రెండు మడతలు పైకి మడవాలని. లేకపోతే చైనులో పడుతుంది. నేను మర్చిపోతే దారిలో ఆపి తనే వంగి మడిచేది. అంత పెద్దావిడ నా కాళ్ళ దగ్గర వంగడం నాకు ఎంతో ఇబ్బందిగా ఉండేది. "వద్దండీ అక్కా" అనేదాన్ని. "నన్ను నువ్వు అనవే, అండీ ఏంటే" అనేది. "అలాగేనండీ" అనేదాన్ని.

నా సైకిల్‌కి వచ్చినవి ఫ్లాట్ పెడల్స్. వెడల్పుగా, అరచెయ్యంత ఉంటాయి. వాటి మీద చిన్న చిన్న ఇనప ముళ్ళు బూటు అడుగుని పట్టుకుంటాయి. ఏ బూటైనా వేసుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు కాలు తీసి నేల మీద పెట్టొచ్చు. కాలు జారితే మాత్రం ఆ ముళ్ళు మోకాలి కింద ఎముకని గీరేస్తాయి. నా ఎడమ కాలి మీద ఇప్పటికీ మూడు తెల్ల చుక్కలున్నాయి.

అక్క సైకిల్‌కి క్లిప్ పెడల్స్. చిన్నవి, పెద్ద సైజు రేగుపండంత. వాటికి ప్రత్యేకం బూట్లుంటాయి, అడుగున ఒక ఇనప ముక్కతో. పెడల్ మీద తొక్కితే "టక్" మని పట్టుకుంటుంది. తీయాలంటే మడమ పక్కకి తిప్పాలి. మామూలుగా కాలు ఎత్తబోతే రాదు. అదే అందులో ఉన్న చిక్కు. ఆపేటప్పుడు మనసు కాలెత్తమంటుంది, కాలు రాదు, సైకిల్ ఆగిపోతుంది, నిలువునా పక్కకి పడతాం. నేర్చుకునే వాళ్ళంతా అలా పడతారట.

"కిందికి నొక్కడమే తొక్కడం అనుకుంటాం గానీ, పైకి లాగడం కూడా తొక్కడమేనమ్మా. కామవరపుకోట వైపు ఎత్తు మీద తెలుస్తుంది. ఎర్రమట్టి దారి, రెండు వైపులా జీడితోటలు. రెండు కాళ్ళూ పనిచేస్తాయి. నిన్ను అక్కడికి తీసుకెళ్తాను. ముందు ఇవి నేర్చుకో," అంది అక్క.

నాకు కొల్లేటి నేల మీద వాటితో పనిలేదని తెలుసు. ఆ బురద ఇనప ముక్క సందుల్లో కూరుకుంటే టక్‌మనదు. బురద ఒక్కటే కాదు. గట్టు మీద ప్రతి వంద గజాలకీ ఎవరో ఒకరు ఎదురొస్తారు. చేపల చెరువు కాపలా ఆయనో, తవుడు బస్తాలు మోసుకొచ్చే ట్రాక్టరాయనో. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎక్కడికండీ?" దానికి సైకిల్ మీంచే జవాబు చెప్పకూడదు. ఆగి, కాలు కింద పెట్టి, "ఇలా ఊరికే వచ్చామండీ" అనాలి. పెద్దవాళ్ళయితే దిగాలి కూడా.

"కాలు కింద పెట్టకుండా జవాబు చెప్పి చూడు. నువ్వు వట్లూరు చేరేలోగా మీ అమ్మకి తెలిసిపోద్ది, మీ అమ్మాయికి తలపొగరని," అనేది అక్క. అయినా ఆవిడ అంత సునాయాసంగా మడమ తిప్పి ఆగుతుంటే, కాళ్ళకి అసలేమీ లేనట్టే ఉండేది.

నేను సరేనన్నాను. కామవరపుకోట కోసం అన్నాననుకుంది. ఆదివారాల కోసం అన్నాను.

అక్క తన పాత క్లిప్ పెడల్స్, పాత బూట్లు నాకిచ్చింది. బూట్లకి తాళ్ళు లేకపోతే స్కూలు ఆటల పెట్టెలోంచి నారింజ రంగు తాళ్ళు తెచ్చి ఎక్కించింది. మేస్త్రీ గారు పెడల్స్ బిగిస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉన్నారు.

"కాలికి ఇనుము తగిలించుకుని వెళ్తుంటే కుక్క వెంటపడిందనుకోండి, ఏం చేస్తారండీ?"

"మడమ తిప్పుతామండీ మేస్త్రీ గారూ," అంది అక్క.

"మీరు తిప్పుతారండీ. అది తిప్పనివ్వాలి కదండీ."

మొదటి మూడు ఆదివారాలు నేను నిజంగానే పడ్డాను. ఒకసారి మా వీధి మలుపులో, పాలబ్బాయి ముందు. రెండుసార్లు గట్టు మీద గడ్డిలో. పడ్డ ప్రతిసారీ అక్క పొట్ట పట్టుకుని నవ్వి, లేపి, "ఇంకో ఆదివారం పడుతుందిలే నీకు," అనేది. ఆ మాట నాకెంత బాగుండేదో! ఇంకో ఆదివారం.

కానీ నాకు త్వరగానే వచ్చేసింది. సాయంత్రాలు మా పెరటి గోడ పట్టుకుని, సైకిల్ మీద కూర్చుని, మడమ తిప్పడం, పెట్టడం, తిప్పడం. ఎడమ కాలు వంద, కుడి కాలు వంద. అమ్మ బట్టలు ఆరేస్తూ "గోడకి సైకిల్ నేర్పుతున్నావా?" అనేది. నాలుగో వారానికి కళ్ళు మూసుకుని కూడా తీసేదాన్ని. అక్కకి మాత్రం చెప్పలేదు. ఆగాల్సి వచ్చినప్పుడు కాస్త తడబడినట్టు నటించేదాన్ని. నేర్చుకోవడం అయిపోతే ఆవిడకి నాతో పనేముంటుంది? ఏలూర్లో ఆవిడకి స్నేహితులు చాలామంది. నాకు ఆవిడ ఒక్కతే.

ఆ ఆదివారం చలికాలం. గట్టుకి రెండు వైపులా చేపల చెరువులు. పిట్టలు వాలకుండా చెరువుల మీద కట్టిన మెరుపు కాగితాలు గాలికి చప్పుడు చేస్తున్నాయి. వాటిని లెక్కచెయ్యకుండా సంచి ముక్కుల గూడబాతులు వాలి చేపలు తింటున్నాయి. అక్క నా పక్కకి వచ్చి, మామూలుగానే చెప్పింది.

"నాకు గవర్నమెంటు పోస్టింగు వచ్చిందమ్మా."

"ఎక్కడికండీ?" అన్నాను. గట్టు మీద అందరూ అడిగే మాటే అది.

"చింతూరు అవతల, కొండల్లో. వచ్చే నెల చేరాలి." దారిలో గుంత తప్పించి, "ఈలోగా నీకు క్లిప్పులు వచ్చేస్తాయి, కామవరపుకోట వెళ్ళొద్దాం. అదొక్కటీ అయిపోతే ఇక నా పని అయిపోయినట్టే," అంది.

ఇక నా పని అయిపోయినట్టే. ఆవిడ నవ్వుతూ అన్న మాట. నా చెవుల్లో అదొక్కటే ఉండిపోయింది.

అప్పుడే ముందు బాతుల మంద గట్టు దాటుతోంది. వందల బాతులు, వెనకాల కర్ర పట్టుకున్న పెద్దాయన. "ఎక్కడికండీ అమ్మా?" అని కేకేశాడు. అక్క మడమ తిప్పి ఆగింది. నేను బ్రేకు వేశాను. కాలు కింద పెట్టాలి. ఎడమ మడమ బయటికి తిప్పాలి, అంతే. ఆ క్షణం నాకు బాగా గుర్తుంది. ఒక్క క్షణం కూడా కాదు, కానీ అందులో బోలెడంత ఆలోచించాను. ఇంకా రాలేదని తెలిస్తే ఇంకో ఆదివారం. ఒకవేళ అస్సలు రాకపోతే? మడమ బిగబట్టాను. సైకిల్ వాలింది.

మునుపటిలా గడ్డిలో పడతాననుకున్నాను. అక్కడ గట్టు అంచుకి రాళ్ళు పోసి ఉన్నాయి. మోకాలు చీరుకుపోయింది, సైకిల్‌తో సహా జారి గుర్రపుడెక్కలో పడ్డాను. బాతులు గోల గోలగా చెదిరిపోయాయి.

పెద్దాయన కర్ర పారేసి దిగి సైకిల్ లాగాడు. "కాళ్ళు కట్టేసుకుని బండెక్కడమేంటండీ? సంతకి తీసుకెళ్ళాక మా బాతులక్కూడా కాళ్ళు విప్పే కదండీ ఇస్తాం!" అన్నాడు.

అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బురదలో మోకాళ్ళ మీద కూర్చుని సీసాలో నీళ్ళతో నా గాయం కడుగుతోంది. సీసా ఖాళీ అయినా ఇంకా వంపుతూనే ఉంది. పిల్లలు రోజూ పడి లేచే గ్రౌండులో పనిచేసే మనిషి, ఒక గాయానికి ఇంత కంగారుపడటం నేనెప్పుడూ చూడలేదు.

"నాదే తప్పమ్మా. స్ప్రింగు వదులు చేసి ఇవ్వాల్సింది. పాత పెడల్, పట్టేసి ఉంటుంది. నీకు రాకుండానే ఇంత దూరం తీసుకొచ్చాను."

"కాదండీ అక్కా. మీ తప్పేం లేదండీ," అన్నాను.

నా జీవితంలో నేను చెప్పిన నిఖార్సయిన నిజం అది. కానీ మా వైపు ఎవరు కాలు తొక్కినా "పర్లేదండీ, మీ తప్పేం లేదండీ" అనే అంటాం. నెత్తిన ఇటుక పడేసిన వాళ్ళని కూడా అలాగే అంటాం. అక్క దాన్ని మర్యాద కింద తీసుకుంది. ఇంకా బాధపడింది. ఆ తర్వాత "నిజంగానండీ, నేనే" అని ఒక మాట కలిపితే సరిపోయేది. కలపలేదు.

ఆ రోజు ఆవిడ ఆరాధనకి వెళ్ళలేదు. నన్ను ఆటోలో ఎక్కించి, కుట్లు వేయించి, ఇంటికి దించింది. "మీకెందుకండీ ఇంత శ్రమ," అని అమ్మ కాఫీ ఇచ్చింది. అక్క సగం తాగి, "అమ్మా, మీ అమ్మాయిని నేనే పడేశానండీ," అంది. అమ్మ నా వైపు చూసింది. నేను కట్టు వైపు చూసుకున్నాను. అమ్మ అటు వెళ్ళాక డైరీలో ఆ వాక్యం రాశాను.

వారం తిరక్కుండా ఆవిడే నా సైకిల్‌ని షాపుకి తీసుకెళ్ళి క్లిప్ పెడల్స్ తీయించింది. మళ్ళీ ఫ్లాట్ పెడల్స్ బిగించారు. మేస్త్రీ గారు "నేను ముందే చెప్పాను కదండీ" అనబోయి, అక్క ముఖం చూసి మానేశారట. తీసిన వాటిని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, పై అరలో ఉంచారు. బూట్లు మాత్రం నా దగ్గరే ఉండిపోయాయి.

ఆ నెలలో ఇక నాలుగు ఆదివారాలు మిగిలాయి. ఒకటి కుట్లతో పోయింది. రెండోది డాక్టరు వద్దన్నాడు. మూడోది, నా కాలు బాగయ్యాక, అక్క ఒక్కతీ సామాను సర్దుకుంటూ ఉంది. "కామవరపుకోట ఎక్కడికీ పోదులేమ్మా. నీ కాలు గట్టిపడనీ. సెలవలకి వచ్చినప్పుడు చూద్దాం," అంది. ఇంకో ఆదివారం కోసం నేను పడితే, ఉన్న ఆదివారాలే పోయాయి. నాలుగోదానికి ఆవిడ పెంటపాడు వెళ్ళిపోయింది. సోమవారం పొద్దున్న తాడేపల్లిగూడెంలో రైలు, రాజమండ్రి దాకా. అక్కణ్ణుంచి కొండల బస్సు.

మొన్న శనివారం షాపుకి వెళ్ళాను. వానలు రాబోతున్నాయి, బేరింగులకి గ్రీజు పెట్టించుకోవాలి. ఏడాది దాటింది ఇదంతా జరిగి. మేస్త్రీ గారు ఎప్పటిలాగే అడిగారు.

"ఏ పెడల్స్ ఉంచమంటారండీ పాపగారూ? కొత్తవి వచ్చాయండీ, ఒక పక్క క్లిప్పు, ఒక పక్క ఫ్లాటు. గొడవే లేదు."

చేతిలోకి తీసుకుని చూశాను. తొక్కేటప్పుడు ఏ పక్క పైకి వస్తుందో ప్రతిసారీ వంగి చూసుకోవాలి. వద్దన్నాను. బురదకి ఫ్లాట్ పెడల్సే మంచివి, గట్టు మీద ఆగి మాట్లాడటానికీ అవే మంచివి. ఆ మాట ఎవరు అడిగినా చెబుతాను. అయినా "క్లిప్పులే ఉంచండీ" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. అక్క రైలెక్కిన ఆ సోమవారానికి ముందురోజు సాయంత్రం ఆ డబ్బా దించి వాటిని మళ్ళీ బిగించింది ఆయనే. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని, మామూలు మర పెడితే తొక్కుతూ ఉండగా దానంతటదే ఊడొస్తుందని చూపించింది కూడా ఆ సాయంత్రమే.

ఆ సోమవారం వెలుగు రాకముందే బయల్దేరాను. అమ్మతో రైలుకి వెళ్తున్నానని చెప్పాను. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, ఉంగుటూరు. చాలా దూరం పక్కనే కాలువ వస్తూ ఉంటుంది. అంత దూరం నేనెప్పుడూ తొక్కలేదు. రెండు కాళ్ళూ పనిచేస్తున్నాయి, కిందికి నొక్కుతూ, పైకి లాగుతూ. దారి పొడుగునా ఒకే వాక్యం పైకి అనుకుంటూ తొక్కాను: "ఆ రోజు పెడల్ వదలక కాదండీ అక్కా, నేనే మడమ తిప్పలేదండీ." వరి చేల మధ్య గట్టిగా అంటే బాగానే వచ్చింది. భీమడోలులో టీ కొట్టు దగ్గర ఆగినప్పుడు మడమ తిప్పి, కాలు కింద పెట్టి, ఒక్కసారి కూడా తడబడకుండా దిగాను. చూడాల్సిన మనిషి అక్కడ లేదు.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల లారీలు రోడ్డుకి అడ్డం పడి ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ స్టేషన్‌కి వచ్చేసరికి ధైర్యం అయిపోయింది. ఆ బూట్లతో ప్లాట్‌ఫారం మీద నడిస్తే ఇనుము టక్కుటక్కుమంటుంది. ఆవిడకి ఆ చప్పుడు తెలుసు. వారాల తరబడి కట్టు కట్టుకుని కూర్చున్న పిల్లకి క్లిప్పులు ఇప్పుడెలా వచ్చాయి అని అనుకుంటుంది, అనుకుంటే అంతా తెలిసిపోతుంది. సైకిల్ స్టాండులో బండి పెట్టి, బూట్లు విప్పి సంచిలో కుక్కి, చెప్పులు వేసుకున్నాను.

అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. వాళ్ళ అమ్మగారు సంచులు లెక్కపెట్టుకుంటున్నారు. నన్ను చూసి అక్క లేచి రెండు చేతులూ పట్టుకుంది.

"ఇంత పొద్దున్నే ఎలా వచ్చావే?"

"పాసింజర్‌కి వచ్చానండీ."

"ఖాళీగా ఉందా?"

"ఉందండీ."

"కాలు?"

"తగ్గిపోయిందండీ."

ఆవిడ సైకిల్ తర్వాత లారీలో పంపిస్తారట. అక్కడ గ్రౌండు లేదు, వాలు మాత్రమే ఉందట. పిల్లలు బాగా పరిగెడతారట. ఆవిడ చెబుతూ ఉంది, నేను ఊ కొడుతూ ఉన్నాను. రైలు వచ్చింది. సంచులు ఎక్కించాను. కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు చెబుదాం, రైలు కదిలాక చెబితే ఆవిడ ఏమీ అనడానికి ఉండదు అనుకున్నాను. కదిలింది. నోరు తెరిచాను. "ఆరోగ్యం జాగ్రత్తండీ" అన్నాను.

అక్క నా వైపు కాదు, కిందికి చూస్తోంది. నేనూ చూసుకున్నాను. ప్యాంటు కుడికాలు రెండు మడతలు పైకి మడిచి ఉంది. దాని కింద పిక్క మీద చైను నూనె మరక. చేతిలో సంచిలోంచి నారింజ రంగు తాడు ఒకటి వేలాడుతోంది. ఆవిడ మడత చూసింది, తాడు చూసింది, నా ముఖం చూసింది. ఏం అనుకుందో నాకు తెలియదు. రైలుతో పాటు నాలుగు అడుగులు నడిచాను. ఆ తర్వాత మెసేజీలే, కొండల ఫొటోలే. అక్కడ ఫోనుకి సిగ్నల్ అందదు, అందినప్పుడు నేను మాట్లాడలేను. ఆవిడ గొంతుతో నేను విన్న చివరి మాట, కిటికీ ఊచలకి ముఖం ఆనించి, చక్రాల చప్పుడు మీంచి అరిచి చెప్పిందే:

"మడత విప్పకమ్మా! బూట్లేసుకునే వెళ్ళు, చెప్పులతో ఆ పెడల్ జారుద్ది!"